కుండీలో జెర్బెరా: మొదలు మునగకుండా చూసుకున్న అనుభవం

జెర్బెరాను పురుగు చంపడం తక్కువ. అది చచ్చేది మొదలు దగ్గర. ఈ మొక్కకు పైకి కనబడే కాండం ఉండదు. ఆకులూ పూల కాడలూ మట్టి మట్టంలో ఉండే ఒక పొట్టి దిమ్మ నుంచి నేరుగా లేస్తాయి. మొగ్గ పుట్టేదీ, పిలక వచ్చేదీ, నీరు చేరితే కుళ్ళేదీ అక్కడే. కుండీల్లో దీన్ని పెంచుతూ నేను చేసే పనుల్లో సగానికి పైగా ఆ రెండు వేళ్ళ వెడల్పు చోటును పొడిగా, గాలి ఆడేలా ఉంచడానికే.

సొంత నేల ఎలాంటిదో చూస్తే దీని తత్వం అర్థమవుతుంది. దక్షిణాఫ్రికాలో బార్బర్టన్ చుట్టుపక్కల, నీరు నిలవని రాతి, ఇసుక నేలల్లో పెరిగే జెర్బెరా జేమ్సోనీని 1889లో వృక్షశాస్త్రజ్ఞులు వర్ణించారు. ఆ తర్వాత కేంబ్రిడ్జి వృక్షోద్యానంలో లించ్ అనే ఆయన దాన్ని విరిడిఫోలియా అనే మరో జాతితో సంకరం చేయడంతో ఇప్పుడు మనం చూసే రంగులకు దారి పడింది. రంగులు మారాయి కానీ వేళ్ళ అలవాటు మారలేదు. లోతుగా దిగుతాయి, ఊపిరాడకపోతే నల్లబడతాయి.

కొనేటప్పుడు పూలను చూసి మోసపోవద్దు. విచ్చిన పూలు ఎక్కువున్న మొక్క తన శక్తి అప్పటికే ఖర్చు పెట్టేసి ఉంటుంది. నేను ఆకులను రెండు చేతులతో విడదీసి మధ్యలోకి చూస్తాను. లేత ఆకులు, గోరంత మొగ్గలు నాలుగైదు కనబడితే అది మంచి మొక్క. ఆకు తొడిమలు మొదట్లో గోధుమ రంగుకు తిరిగి మెత్తగా ఉంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. లేత ఆకులు గిడసబారి, అంచులు కిందికి మడిచి, ముట్టుకుంటే పెళుసుగా ఉంటే అది నల్లి (కంటికి ఆనని సన్నని పురుగు, మైట్) పని. పొట్టి రకాలను ఎక్కువగా విత్తనం నుంచి పెంచి కుండీల కోసం అమ్ముతారు. పొడవు కాడల రకాలను కణజాల వర్ధనం (టిష్యూ కల్చర్) ద్వారా తయారుచేసి కోత పూల కోసం అమ్ముతారు. రెండూ కుండీలో పెరుగుతాయి, కాకపోతే పొడవు రకాలకు లోతైన కుండీ కావాలి. ఇంటికి తెచ్చిన మొక్కను రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి.

కుండీ 25 సెం.మీ. వెడల్పు, దాదాపు అంతే లోతు ఉంటే ఒక మొక్కకు సరిపోతుంది. మరీ పెద్దదైతే వేళ్ళు చేరని చోట తడి అలాగే ఉండిపోతుంది. నేను కలిపే మిశ్రమం ఇది: కడిగిన కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి పలుకులు) గానీ 2, 3 మి.మీ. పలుకున్న ముతక ఇసుక గానీ ఒక పాలు, బాగా మాగిన వర్మీకంపోస్టు ఒక పాలు. తోట మట్టి కలపను. సన్నని బంకమట్టి నీళ్ళు పోసేకొద్దీ గట్టిపడి గాలి సందులు మూసేస్తుంది. పైగా మొదలు కుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి చేరేది ఎక్కువగా మట్టి ద్వారానే.

కొబ్బరి పొట్టును ఊరికే నానబెట్టి వాడేస్తే తర్వాత ఇబ్బంది. దానిలో సోడియం, పొటాషియం లవణాలు పట్టుకుని ఉంటాయి. రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి కడిగి, లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రాత్రి ఉంచి, మళ్ళీ మంచి నీటితో కడిగితే ఆ లవణాలు వదిలి వాటి స్థానంలో కాల్షియం చేరుతుంది. ఇది చేయకపోతే మనం తర్వాత ఇచ్చే కాల్షియం, మెగ్నీషియం మొక్కకు అందకముందే పొట్టు లాగేసుకుంటుంది.

కుండీ అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీరు బాగా పోతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది వేరు. సన్నని మిశ్రమం కింద పెద్ద రాళ్ళుంటే, మిశ్రమం పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా నీరు రాళ్ళలోకి దిగదు. అంటే కుండీ అడుగున ఉండాల్సిన తడి పొర పైకి జరిగి మొదలుకు దగ్గరవుతుంది. రంధ్రాల మీద ఒక వల ముక్క వేస్తే చాలు.

నాటడంలో కొలత ఒక్కటే ముఖ్యం. ఆకు తొడిమలు కలిసే చోటు మిశ్రమం పైమట్టానికి ఒకటి నుంచి రెండు సెం.మీ. ఎత్తున ఉండాలి. కుండీ మధ్యలో చిన్న దిబ్బలా చేసి, వేళ్ళను చుట్టూ దించి, పక్కల నుంచి మిశ్రమం నింపుతాను. వేళ్ళ పైభాగం కాస్త బయటికి కనబడినా పర్వాలేదు. మొదటి మూడు నాలుగు వారాలు మొక్క ఊగుతుంది. అది చూసి మట్టి ఎగదోయాలనిపిస్తుంది. ఎగదోయకూడదు. సన్నని పుల్ల రెండు పక్కల గుచ్చి ఆసరా ఇవ్వండి.

నాటిన రోజున సరిగ్గా ఉన్న ఎత్తు అలాగే ఉండదు. కొబ్బరి పొట్టు నీళ్ళకు కుంగుతుంది, మొక్క కూడా దానితో దిగుతుంది. అంచు నుంచి కుండీ ఖాళీగా కనబడితే పైన కొత్త మిశ్రమం పోయడం అందరికీ అలవాటు. మొదలు పూడిపోయేది ఎక్కువగా అప్పుడే. పక్వమైన మొక్క కారణం లేకుండా ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుళ్ళిందంటే ఇలా పైన పోసిన మట్టిని అనుమానించాలి. మట్టం తగ్గితే మొక్కను వేళ్ళ ముద్దతో సహా బయటికి తీసి, అడుగున మిశ్రమం వేసి, మళ్ళీ ఎత్తులో కూర్చోబెట్టాలి. మొదలు చుట్టూ ఎండుటాకులు పరచడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. వేరే మొక్కలకు మంచిదే, దీనికి కాదు.

నాటాక పది పన్నెండు రోజులు పల్చని నీడలో ఉంచుతాను. తర్వాత ఉదయపు ఎండకు మారుస్తాను. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు వచ్చిన ప్రతి మొగ్గనూ తుంచేయాలి. ఇది చాలామంది చేయలేని పని, ఎందుకంటే కొన్నదే పూల కోసం. కానీ పన్నెండు పద్నాలుగు ఆకులు రాకముందు పూయించిన మొక్క ఆ తర్వాత పొట్టి కాడలతో, చిన్న పూలతో కాలం గడుపుతుంది.

నీళ్ళు ఉదయం పూటే పోయాలి. పైన 2, 3 సెం.మీ. లోతు వరకు వేలు పెట్టి చూసి, పదును తగ్గితేనే పోస్తాను. సన్నని మూతి ఉన్న డబ్బాతో కుండీ అంచు వెంట తిప్పుతూ, పోసిన దానిలో పదో వంతు అడుగు నుంచి బయటికి వచ్చేదాకా పోయాలి. ఆ బయటికి వచ్చే నీరే మిగిలిపోయిన ఎరువు లవణాలను తీసుకుపోతుంది. పళ్ళెంలో చేరిన నీటిని పారబోయాలి. మొదలు మీద, ఆకుల మధ్య నీరు పడకూడదు. పడినా మధ్యాహ్నానికి ఆరేలా ఉండాలి, రాత్రికి తడి మిగలకూడదు.

మిట్ట మధ్యాహ్నం ఆకులు వాలిపోతే వెంటనే నీళ్ళు పోయకండి. ముందు మట్టి ముట్టుకుని చూడండి. పొడిగా ఉంటే అది దాహం, నీళ్ళు పోస్తే గంటలో లేస్తుంది. తడిగా ఉండి కూడా వాలితే రెండు కారణాలు. ఎండ తీవ్రత వల్లనైతే సాయంత్రానికి తేరుకుంటుంది. సాయంత్రానికీ తేరుకోకపోతే వేళ్ళో మొదలో కుళ్ళుతోంది. బయటి ఆకు ఒకటి పట్టి మెల్లగా లాగండి. ఆరోగ్యమైన మొక్కలో అది గట్టిగా ఉంటుంది. కుళ్ళు మొదలైతే తొడిమ జారి చేతికి వస్తుంది, చివర నల్లగానో గోధుమగానో ఉంటుంది. ఆ దశలో ఇంకా నీళ్ళు పోస్తే మొక్కను మనమే సాగనంపినట్టు.

కుళ్ళు కనబడగానే చాలామంది కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పోస్తారు. ఫైటోఫ్తోరా మీద అది పనిచేయదు. ఫైటోఫ్తోరా నిజమైన శిలీంధ్రాల కోవకు చెందదు, కార్బెండజిమ్ అడ్డుకునే చోటు దానిలో మందుకు లొంగేలా ఉండదు. ఫైటోఫ్తోరా మీద పనిచేసేవి మెటలాక్సిల్, ఫోసెటైల్ అల్యూమినియం వంటివి, అవీ తెగులు మొదట్లోనే. మోతాదు డబ్బా మీద రాసిన ప్రకారమే వాడండి. మధ్య మొవ్వు కూడా మెత్తబడితే మందు ఖర్చు దండగ. మొక్కనూ మిశ్రమాన్నీ కలిపి పారేసి, కుండీని బ్లీచింగ్ నీటితో కడిగి ఆరబెట్టడమే మంచిది.

ఇక పీహెచ్ సంగతి, అంటే మిశ్రమం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే కొలత. ‘మొక్క బాగానే ఉంది కానీ పూయడం లేదు, ఆకులు పసుపు’ అనే ఫిర్యాదుల వెనుక తరచూ ఇదే ఉంటుంది. జెర్బెరాకు 5.5 నుంచి 6.2 మధ్య బాగుంటుంది. 6.5 దాటితే ఇనుము మిశ్రమంలో ఉన్నా కరగని రూపంలోకి మారి వేళ్ళకు అందదు. అప్పుడు లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. లేత ఆకుల్లోనా ముదురు ఆకుల్లోనా అన్నది ఇక్కడ కీలకం. ఈనెల మధ్య పసుపు ముదురు ఆకుల్లో కనబడితే అది మెగ్నీషియం లోటు, లీటరుకు 2 గ్రాముల ఎప్సమ్ ఉప్పు కలిపి పోస్తే కొత్తగా ముదిరే ఆకులు పచ్చగా నిలుస్తాయి. ముదురు ఆకు మొత్తం ఒకే తీరుగా పాలిపోతే నత్రజని తక్కువైంది. పీహెచ్ బాగా తగ్గి 5.3 కిందికి పోతే మరో వైపు తేడా వస్తుంది, ఇనుము, మాంగనీసు ఎక్కువై ముదురు ఆకుల మీద నల్లని, గోధుమ రంగు చుక్కలు పడతాయి.

కొలవడం కష్టమేమీ కాదు. వేళ్ళున్న లోతు నుంచి ఒక పాలు మిశ్రమం తీసి, రెండు పాళ్ళు డిస్టిల్డ్ నీటిలో కలిపి, అరగంట ఉంచి, పైన తేరిన నీటిలో మీటరు గానీ పట్టీ గానీ ముంచాలి. నెలకోసారి చూస్తే చాలు. పీహెచ్ ఎందుకు పెరుగుతుందంటే, పోసే నీళ్ళలోని బైకార్బొనేట్ల వల్ల. కఠిన జలం రోజూ పోస్తే మిశ్రమంలో కొద్ది కొద్దిగా సున్నం వేసినట్టే. వాన నీరు దొరికితే అంతకు మించింది లేదు. దొరకకపోతే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలపవచ్చు. 10 లీటర్లకు 1 గ్రాముతో మొదలుపెట్టి, పీహెచ్ చూస్తూ 6 దగ్గరికి తేవాలి. ఎంత పడుతుందన్నది నీటిని బట్టి మారుతుంది కాబట్టి పక్కవాళ్ళ లెక్క మీకు పనికిరాదు. కలిపిన నీటిని నిల్వ పెట్టకుండా వెంటనే వాడండి.

పసుపు తిరిగిన మొక్కకు అన్నభేది (ఐరన్ సల్ఫేటు) వేయమని సలహా ఇస్తుంటారు. పీహెచ్ సరిచేయకుండా వేస్తే అదీ కరగని రూపంలోకి మారిపోతుంది. చీలేటెడ్ ఐరన్‌లో, అంటే కరిగే రూపంలోనే నిలిచేలా మరో పదార్థంతో బంధించిన ఇనుములో కూడా అన్నీ ఒకటి కావు. ఈడీటీఏ రూపం పీహెచ్ 6.5 దాటితే విడిపోతుంది, డీటీపీఏ 7 వరకు నిలుస్తుంది, ఈడీడీహెచ్ఏ అంతకంటే క్షార గుణం ఉన్నచోటా పనిచేస్తుంది. పొట్లం మీద ఏదో చదివి కొనండి. ఈడీడీహెచ్ఏ అయితే లీటరుకు 0.4 గ్రాము కలిపి ఒక్కసారి వేళ్ళకు పోస్తాను. ఆకుల మీద పడితే మచ్చలు పడతాయి, వెంటనే కడిగేయాలి. పసుపు తిరిగిన పాత ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, తర్వాత వచ్చే ఆకుల రంగును బట్టే ఫలితం చూడాలి.

ఎరువుల విషయం దీనికంటే సులువు. ఆకులు పెరిగే దశలో 20:20:20 ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) లీటరుకు 1 గ్రాము, వారానికోసారి. మొగ్గలను తుంచకుండా వదిలేయడం మొదలుపెట్టాక పొటాష్ ఎక్కువున్న 15:8:35 లాంటిది అదే మోతాదులో. రెండు వారాలకోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు 1 గ్రాము విడిగా ఇస్తాను. ఫాస్ఫేటు, సల్ఫేటు ఉన్న ఎరువులతో ఒకే బకెట్లో చిక్కగా కలిపితే అడుగున తెల్లని గసి చేరుతుంది, అంటే రెండూ వృథా. పొడి మట్టికి ఎరువు నీళ్ళు పోయకూడదు. ముందు మామూలు నీళ్ళతో తడపాలి. ఆకులు ఏపుగా, ముదురు పచ్చగా, అరచేయి కంటే పెద్దగా పెరుగుతూ పూలు రాకపోతే నత్రజని ఎక్కువైందని అర్థం.

ఎండ రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు కావాలి, అది ఉదయపు ఎండ అయితే మేలు. పగలు 20 నుంచి 25 డిగ్రీలు, రాత్రి 12 నుంచి 16 డిగ్రీలు ఉన్న కాలంలో పూలు పెద్దవిగా, రంగు చిక్కగా వస్తాయి. 35 డిగ్రీలు దాటే రోజుల్లో 50 శాతం షేడ్‌నెట్ కింద ఉంచి, ఎరువు సగానికి తగ్గించి, పూల ఆశ వదులుకోవాలి. 10 డిగ్రీల కంటే తగ్గితే పెరుగుదల ఆగినట్టే, అప్పుడు నీళ్ళు బాగా తగ్గించాలి. చలిలో తడి మట్టి మామూలు చలి కంటే ప్రమాదం. 1989లో వచ్చిన నాసా గాలి శుద్ధి అధ్యయనంలో జెర్బెరా పేరు ఉండడంతో దీన్ని పడకగదిలో పెట్టుకోమని చెబుతుంటారు. ఆ పరీక్షలు మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో చేసినవి. మామూలు గది మసక వెలుతురులో ఈ మొక్క మొదట పూయడం మానేస్తుంది, తర్వాత కాడలు సాగి వాలిపోతాయి.

ముదురు ఆకులు తీయడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ పూల సంఖ్యను అది బాగా మారుస్తుంది. వెలుతురు మొవ్వు దాకా చేరితేనే మొగ్గలు నిలుస్తాయి. నేను ఒక్కో పిలకకు నాలుగైదు మంచి ఆకులు ఉంచి, మిగిలిన పాతవాటిని నెలకు రెండుసార్లు తీస్తాను. తొడిమను మొదట్లో పట్టుకుని పక్కకు తిప్పి లాగితే శుభ్రంగా ఊడుతుంది. కత్తెరతో కోస్తే మిగిలే ముక్క కుళ్ళి మొదలుకు తగులుకుంటుంది. మరీ ఎక్కువ తీసేస్తే పూల కాడలు పొట్టివవుతాయి.

తెగుళ్ళలో ఎక్కువగా కనబడేది బూడిద తెగులు. దీనికి తడి ఆకు అవసరం లేదు. గాలి ఆడని చోట, పగలు వెచ్చగా రాత్రి చల్లగా ఉన్నప్పుడు వస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది, కొంతవరకు నల్లికి కూడా పనికొస్తుంది. 30 డిగ్రీలు దాటిన రోజున చేయకండి, వేప నూనె కొట్టిన రెండు వారాల లోపు అసలే చేయకండి. రెండూ కలిస్తే ఆకులు మాడతాయి. పూరేకుల మీద గోధుమ చుక్కలు, తడి రోజుల్లో బూడిద రంగు బూజు కనబడితే అది బొట్రైటిస్ అనే వేరే తెగులు. వాడిన పూలను మొక్క మీద వదిలేయడం వల్లే అది పెరుగుతుంది.

తామర పురుగులు పూవు మధ్యలో దాక్కుంటాయి. పూరేకుల మీద వెండి గీతలు, రంగు చెదరడం వాటి గుర్తు. తెల్ల కాగితం మీద పూవును తట్టితే సన్నని పురుగులు పాకుతూ కనబడతాయి. వాటికి నీలి జిగురు అట్టలు, తెల్లదోమకూ ఆకు తొలిచే పురుగుకూ పసుపు అట్టలు. ఆకు మీద మొదట సన్నని తెల్ల చుక్కలు, తర్వాత వంకర గీతలు వస్తే తొలిచే పురుగు లోపల ఉన్నట్టే. ఆకు పైన మందు కొట్టేకంటే ఆ ఆకును తుంచి సంచిలో కట్టేయడం మేలు, ఎందుకంటే పురుగు తర్వాత మట్టిలోకి దిగి కోశస్థ దశకు పోతుంది. తెల్లదోమకు వేప నూనె లీటరుకు 5 మి.లీ., కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, సాయంత్రం ఆకు అడుగు భాగం తడిచేలా కొడతాను. విచ్చిన పూల మీద పడితే మరకలవుతాయి. లేత ఆకులు ముడుచుకుని, పూలు ఒక పక్క రేకులు లేకుండా వంకరగా వస్తుంటే అది కంటికి కనబడని నల్లి. మొవ్వులో ఉంటుంది కాబట్టి మందు అక్కడికి చేరాలి, ఉదయం కొట్టి ఎండకు ఆరనివ్వాలి.

పూవును కోసేటప్పుడు కూడా కత్తి వద్దు. కాడ మొదట్లో పట్టుకుని పక్కకు వంచి లాగాలి. పూవు మధ్య చక్రంలోని చిన్న పువ్వులు బయటి వరస నుంచి లోపలికి విచ్చుకుంటాయి. బయటి రెండు మూడు వరసల్లో పుప్పొడి కనబడినప్పుడు కోయాలి. అంతకు ముందే కోస్తే కాడ మెడ దగ్గర వంగిపోతుంది. కోశాక అడుగున 2, 3 సెం.మీ. కత్తిరించండి, గట్టిబడిన ఆ చివర నీరు సరిగా పీల్చదు. కూజాలో నీరు నాలుగైదు సెం.మీ. చాలు. కాడ మీది నూగు నీటిలో మునిగితే బాక్టీరియా పెరిగి గొట్టాలు మూసుకుపోతాయి. రెండు రోజులకోసారి నీరు మార్చి, చివర కొద్దిగా కత్తిరిస్తే వారానికి పైగా నిలుస్తుంది.

రెండేళ్ళకు కుండీ పిలకలతో నిండి మధ్యలో పూలు తగ్గుతాయి. వేడి తగ్గిన కాలంలో, ముందు రోజు నీళ్ళు పోసి, మొక్కను బయటికి తీసి పిలకలు విడదీస్తాను. ఒక్కో దానికి సొంత వేళ్ళు, నాలుగైదు ఆకులు ఉండాలి. వేళ్ళు లేని పిలక బతకడం అరుదు. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచిన కత్తితో కోసి, వేళ్ళను 12 సెం.మీ. వరకు, పెద్ద ఆకులను సగానికి కత్తిరించి, కోసిన చోటు అరగంట నీడన ఆరనిచ్చి నాటాలి.

విత్తనాల సంగతి వేరు. సంకర రకాల గింజల నుంచి తల్లి రంగు రాదు. గింజకు మొలకెత్తే శక్తి కూడా కొద్ది నెలల్లోనే తగ్గిపోతుంది కాబట్టి తాజావే వాడాలి. ప్రోట్రేలో (గళ్ళున్న నారు పళ్ళెంలో) తడి కొబ్బరి పొట్టు మీద, కుచ్చు ఉన్న చివర పైకి ఉండేలా నిలువుగా గుచ్చాలి. మొలకకు వెలుతురు కావాలి కాబట్టి పూర్తిగా కప్పకూడదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి, పూత రావడానికి నాలుగు నెలలకు పైనే పడుతుంది. నారును కుండీలోకి మార్చేటప్పుడు కూడా మొదలు మట్టానికి పైనే ఉండాలి. చిన్న మొక్కకు అర సెం.మీ. ఎత్తు చాలు.